నీటి చుక్క అంచును కొలిచిన ఏడాది: స్పర్శకోణంతో నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో నాకిచ్చిన ప్రాజెక్టు చెప్పడానికి చాలా చిన్నది. ఏదైనా ఉపరితలం మీద నీటి చుక్క పెట్టాలి, పక్క నుంచి ఫొటో తీయాలి, చుక్క అంచు ఆ ఉపరితలంతో ఎంత కోణం చేస్తోందో కొలవాలి. స్పర్శకోణం అని ఇంటర్‌లో చదువుకున్నదే, ల్యాబ్‌లో అందరం కాంటాక్ట్ యాంగిల్ అనే అనేవాళ్లం. 90 డిగ్రీల లోపు ఉంటే నీరు తడుపుతుంది, దాటితే తడపదు, అంతవరకు పరీక్షకు సరిపోతుంది. ఏడాది ఈ పని చేశాక నాకు గట్టిగా కలిగిన అభిప్రాయం ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను: ఒక వస్తువుకు ఒకటే స్పర్శకోణం ఉంటుందనుకుని ఒక్క అంకె రాసి వదిలేస్తే ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం లేదు. చుక్క ముందుకు పాకుతోందా వెనక్కి తగ్గుతోందా, పెట్టి ఎంతసేపైంది, ఉపరితలాన్ని దేంతో కడిగారు, ఇవి పక్కన రాసి ఉంటేనే ఆ కోణం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

నేను ఎంచుకున్న ఉపరితలం వరి ఆకు. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వరే పండిస్తాం. మందు కొట్టే రోజు డ్రమ్ములో మందుతో పాటు జిగురు, అంటే మందు ఆకుకు పట్టేలా చేసే ద్రవం, కలపడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. జిగురు దొరకనప్పుడు సర్ఫు నీళ్లో, షాంపూ ప్యాకెట్లో కలిపేవాళ్లూ ఉన్నారు. అది ఎందుకు కలుపుతారో, ఎంత కలిపితే చాలో లెక్కగా చూడాలని నా కోరిక. గైడ్ సార్ ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు: "ఆకు దగ్గరికి తర్వాత వెళ్దువు గానీ అమ్మా, ముందు గాజు మీద కొలవడం నేర్చుకో."

మా డిపార్ట్‌మెంటులో ఉన్న గోనియోమీటర్, అంటే ఈ కోణం కొలిచే యంత్రం, అందరిదీ. పీహెచ్‌డీ వాళ్ల బుకింగులు పోగా మాకు మిగిలే టైము తక్కువ, అందుకని బల్ల మీద సొంతంగా ఒకటి అమర్చుకున్నాను. దీనికి పెద్ద ఖర్చు లేదు, చేయాలనుకునే వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తాను. వెనక ఒక ఎల్‌ఈడీ ప్యానెల్, దాని ముందు బటర్ పేపర్, మధ్యలో మట్టం సరిచూసిన చిన్న పీఠం, ఇటువైపు మాక్రో లెన్సు పెట్టిన కెమెరా. లైటు, చుక్క, లెన్సు మూడూ ఒకే వరసలో ఉండాలి, అప్పుడు చుక్క నల్లటి నీడలా, అంచు కత్తిరించినట్టు పడుతుంది. కెమెరాను సరిగ్గా సమతలంలో కాకుండా ఒకటి రెండు డిగ్రీలు పైనుంచి కిందికి చూసేలా పెడితే చుక్కా, కింద దాని ప్రతిబింబమూ కలిసే మూల స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మూలల్ని కలిపే గీతే బేస్‌లైన్. ఈ గీత ఫొటోలో నాలుగు పిక్సెళ్లు పైకో కిందికో జరిగితే కోణం కూడా మారిపోతుంది, అందులోనూ 150 డిగ్రీలు దాటిన చుక్కల దగ్గర మార్పు చాలా ఎక్కువ. తామరాకు మీద ఎవరైనా 167.3 డిగ్రీలు అని దశాంశంతో సహా రాస్తే నేను ముందుగా వాళ్ల బేస్‌లైన్ ఫొటో చూపించమంటాను.

చుక్క వేయడానికి ఇన్సులిన్ సిరంజి బాగా పనికొస్తుంది. మన దగ్గర రెండు రకాలు దొరుకుతాయి, ఎర్ర మూతది 40 యూనిట్లది, నారింజ మూతది 100 యూనిట్లది. నారింజ మూత దాంట్లో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు, అర గీత నొక్కితే 5 మైక్రోలీటర్ల చుక్క. ఇంతకంటే పెద్ద చుక్క వద్దు. నీటి తలతన్యత (ఉపరితలాన్ని సాగదీసిన పొరలా బిగించి ఉంచే గుణం), బరువు రెండూ సమానంగా పోటీపడే కొలత సుమారు 2.7 మిల్లీమీటర్లు, చుక్క అంతకు మించి పెరిగితే దాని బరువే దాన్ని పైనుంచి చదును చేస్తుంది. చిన్న చుక్క గోళంలో ఒక ముక్కలా ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ లేకపోయినా కోణం తేల్చొచ్చు: ఎత్తును రెండింతలు చేసి అడుగు వెడల్పుతో భాగిస్తే వచ్చేది సగం కోణానికి టాంజెంట్. అడుగు 3 మిల్లీమీటర్లు, ఎత్తు 1 మిల్లీమీటర్ ఉంటే కోణం 67 డిగ్రీల చిల్లర. నేను ఇమేజ్‌జె అనే ఫొటోలు కొలిచే సాఫ్ట్‌వేర్‌లో డ్రాప్‌స్నేక్ ప్లగిన్ వాడినా, ప్రతి ఫొటోకు ఈ లెక్క కూడా వేసి రెండూ దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

ఇక గాజు. శుభ్రమైన గాజు మీద నీటి కోణం దాదాపు సున్నా, చుక్క పెట్టగానే పరుచుకుపోతుంది. కానీ ప్యాకెట్లోంచి తీసిన స్లైడు మీద ఆ సున్నా రాదు, 30, 40 డిగ్రీలు వస్తుంది, ఒకే స్లైడు మీద చోటును బట్టి కూడా మారుతుంది. సబ్బు, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డీఅయొనైజ్డ్ వాటర్, ఆ తర్వాత నైట్రోజన్‌తో ఆరబెట్టడం, ఇంత చేశాక కొంత తగ్గింది. పిరానా ద్రావణం వాడితే పని సులువు కానీ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ఆ ద్రావణంలో అసిటోన్ లాంటిది మిగిలి ఉంటే పేలే ప్రమాదం ఉంది, ఎమ్మెస్సీ పిల్లల చేతికి దాన్ని ఇవ్వనని సార్ తేల్చి చెప్పారు, ఆ మాట నాకూ సరైనదే అనిపించింది. చివరికి ప్లాస్మా క్లీనర్లో (విద్యుత్తుతో ఉత్తేజపరిచిన వాయువుతో ఉపరితలాన్ని శుభ్రం చేసే యంత్రం) కొన్ని నిమిషాలు ఉంచి తీస్తే చుక్క అలా పరుచుకుపోయింది, కొలవడానికి కోణమే మిగల్లేదు. అదే స్లైడును మూతపెట్టిన డబ్బాలో ఉంచి మర్నాడు చూస్తే మళ్లీ కోణం కనిపించింది. ఎవరూ ముట్టుకోలేదు. గాలిలో ఉండే సేంద్రియ పదార్థాల ఆవిర్లు గాజు మీద పొరగా చేరడమే కారణం, ఒక్క అణువు మందం పొర కూడా చాలు. అప్పటి నుంచి నా నోట్‌బుక్కులో స్లైడు పేరు పక్కన "కడిగి ఎంతసేపైంది" అనే గడి కూడా చేరింది.

సిద్ధాంతం దగ్గరికొస్తే, ఇదంతా 1805లో థామస్ యంగ్ రాసిన వ్యాసంతో మొదలవుతుంది. ఇప్పుడు మనం యంగ్ సమీకరణం అని రాసుకునేదాన్ని ఆయన ఒక్క సమీకరణం కూడా లేకుండా మాటల్లోనే వివరించాడు. ఘనం-గాలి, ఘనం-ద్రవం, ద్రవం-గాలి మధ్య ఉండే మూడు తన్యతలు చుక్క అంచు దగ్గర సమతూకంలోకి వచ్చినప్పుడు ఏర్పడే కోణమే స్పర్శకోణం. వినడానికి చాలా అందంగా ఉంటుంది. చిక్కేంటంటే ఇందులో నేరుగా కొలవగలిగింది ద్రవం-గాలి తన్యత ఒక్కటే, నీటికి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. మిగిలిన రెండూ తెలియవు, ఉన్నది ఒకటే సమీకరణం. అందుకే ఘనం ఉపరితల శక్తి కావాలంటే నీటితో పాటు డైఅయొడోమీథేన్ లాంటి ఇంకో ద్రవంతోనూ కొలిచి ఓవెన్స్-వెండ్ట్ పద్ధతిలో లెక్క కడతారు. నేనూ కట్టాను. ఆ సీసాను వెలుతురు తగలకుండా దాచాలి, లేకపోతే అయొడిన్ విడిపోయి రంగు మారుతుంది, దాని 50.8 మిల్లీన్యూటన్ల తలతన్యత మీద ఇక భరోసా ఉండదు. ఆ భాగం గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, పాత పద్ధతి, బాగానే పనిచేస్తుంది.

నన్ను పట్టేసింది మాత్రం యాక్రిలిక్ షీటు. షీటు మీది ప్లాస్టిక్ పొర ఒలిచి, కడిగి, చుక్క పెడితే 70 దాటి వచ్చింది. ఐదు నిమిషాలాగి చూస్తే 60 చిల్లర. ఇంకాసేపటికి ఇంకా తక్కువ. చుక్క ఆవిరవుతోంది సరే, చిన్నదవ్వాలి, కోణం ఎందుకు మారాలి? వీడియో తీసి ఫ్రేము ఫ్రేముగా చూస్తే తెలిసింది: చుక్క అడుగు వెడల్పు ఏమాత్రం తగ్గడం లేదు. అంచు పెట్టిన చోటే పాతుకుపోయి ఉంది, నీరు తగ్గేకొద్దీ పైభాగం కుంగుతోంది, దాంతో కోణం పడిపోతోంది. ఒక హద్దు దాకా అలా పడిపోయి, అప్పుడు అంచు పట్టు వదిలి లోపలికి జరగడం మొదలవుతుంది.

సార్‌కు ఆ వీడియో చూపిస్తే సూదిని చుక్కలోనే ఉంచి మెల్లగా నీళ్లు ఎక్కించమన్నారు. ఎక్కిస్తుంటే మొదట అంచు కదలకుండా చుక్క ఉబ్బుతూ కోణం పెరిగింది, 78 దగ్గర అంచు బయటికి పాకింది. వెనక్కి లాగుతుంటే అంచు అక్కడే ఆగి కోణం తగ్గుతూ వచ్చి 55 దగ్గర లోపలికి జరిగింది. మొదటిది ముందుకు పాకే కోణం, రెండోది వెనక్కి తగ్గే కోణం. ఈ రెండింటి మధ్యలో ఏ అంకె కావాలంటే ఆ అంకె అదే షీటు మీద నేను చూపించగలను! చుక్కను పైనుంచి పడేశానా, మెల్లగా ఆనించానా అన్నదాన్ని బట్టి నిలకడ చుక్క కోణం ఆ మధ్యలో ఎక్కడో ఒక చోట ఆగుతుంది. గరుకుదనం, ఉపరితలం మీద అక్కడక్కడా మారే రసాయన గుణం, దుమ్ము, ఇవన్నీ అంచును పట్టి ఉంచుతాయి. యంగ్ చెప్పిన కోణం పూర్తిగా నునుపైన, అంతటా ఒకేలా ఉండే ఉపరితలానికి, అలాంటిది నా బల్ల మీదికి ఒక్కటీ రాలేదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చుక్క జారడం చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో కిటికీ అద్దం మీద జారకుండా వేలాడే చుక్కను పక్క నుంచి చూడండి, కింది అంచు దగ్గర కోణం పెద్దది, పై అంచు దగ్గర చిన్నది. ఆ రెండు కోణాల కొసైన్‌ల తేడాను తలతన్యతతోనూ, చుక్క వెడల్పుతోనూ హెచ్చిస్తే చుక్కను పట్టి ఉంచే బలం వస్తుంది. దీన్ని 1962లో ఫర్మిడ్జ్ ప్రచురించాడు, అదీ ఆకుల మీద పిచికారీ మందు ఎంత నిలుస్తుందో తేల్చే పనిలో. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు, మా పొలంలో ప్రశ్న అరవై ఏళ్ల కిందటే ఒకరు సీరియస్‌గా పట్టించుకున్నారు! యాక్రిలిక్ మీద నా 5 మైక్రోలీటర్ల చుక్కకు లెక్క వేస్తే పట్టు బలం చుక్క బరువు కంటే ఎక్కువ వచ్చింది, అంటే షీటును గోడలా నిలబెట్టినా జారకూడదు. నిలబెట్టాను, జారలేదు.

తామరాకు, చేమాకు, గులాబీ రేక, ఈ మూడూ కొలిచిన వారం ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. నునుపైన ఉపరితలం ఏదైనా, దాని మీద ఏ పూత పూసినా, నీటికి 120 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించాలంటే గరుకుదనం కావాలి. తామరాకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు సూదుల్లాంటి పొర, నీరు ఆ కొసల మీద ఆగితే మధ్యలో గాలి ఉండిపోతుంది. కాసీ, బాక్స్‌టర్ 1944లో ఇచ్చిన సూత్రంలో మైనానికి 105 డిగ్రీలు వేసి, చుక్క అడుగున పదో వంతే గట్టి పదార్థం, మిగతాది గాలి అనుకుంటే 158 వస్తుంది. ఇంత కోణం ఉన్నప్పుడు సన్న సూదితో కూడా తిప్పలే, చుక్క ఆకును తాకుతుంది కానీ సూదిని వదలదు, సూది పైకి తీస్తే దాంతోపాటే లేచి వస్తుంది. చుక్కను కాస్త పెంచి, తన బరువుతో తనే తెగిపడేలా చేయాలి. పడ్డాక అది ఫ్రేములో ఉండకుండా దొర్లిపోతుంది, ఆకును రెండువైపులా జిగురున్న టేపుతో స్లైడు మీద చదునుగా అంటించి, పీఠం మట్టం మళ్లీ మళ్లీ చూసుకోవాలి. రెండు మూడు డిగ్రీల వాలు చాలు దానికి.

గులాబీ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చాం. రేక మీద కోణం 150 దాటింది, ఫొటో మాత్రమే చూస్తే తామరాకుకూ దీనికీ పెద్ద తేడా లేదు. రేకను తలకిందులు చేస్తే చుక్క అలాగే వేలాడుతూ ఉంది. రేక మీది బుడిపెలు పెద్దవి, నీరు వాటి సందుల్లోకి దిగి పట్టుకుంటుంది, చిన్న సందుల్లో మాత్రమే గాలి మిగులుతుంది. చూడ్డానికి ఒకే కోణం, ఒకదాని మీద చుక్క నిలవదు, ఇంకోదాని మీద నుంచి ఊడదు. నిలకడ చుక్క ఫొటో ఒక్కటి పెట్టి "సూపర్‌హైడ్రోఫోబిక్" (నీటిని అసలు అంటనివ్వనిది) అని రాసేవాళ్లకు నేను ఈ గులాబీ ఫొటోనే చూపిస్తాను.

వరి ఆకు కోసం ఊరి నుంచి నారు తెచ్చి హాస్టల్ టెర్రస్ మీద బకెట్లలో పెంచాను, ఎందుకంటే కోసిన ఆకు కాసేపట్లోనే చుట్టుకుపోతుంది. లేత ఆకు మీద మంచినీటి చుక్క 150 పైనే. ఒక విశేషం ఏమిటంటే ఈనెల వెంబడి చుక్క తేలిగ్గా దొర్లుతుంది, అడ్డంగా దొర్లడానికి ఎక్కువ వాలు కావాలి, బుడిపెలు ఆకు పొడవునా వరసలుగా ఉండడం వల్ల. కాబట్టి కోణం రాసేటప్పుడు ఏ దిక్కు నుంచి చూశామో కూడా రాయాలి. నాన్నకు ఫోన్‌లో ఇదంతా చెబితే, "ఆకు మీద నీళ్లు నిలువయని మాకు తెల్వదా బిడ్డా, జిగురు ఎంత పోయాల్నో అది చెప్పు" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న అదే.

జిగురు కలిపిన నీళ్లతో కొలిచేటప్పుడు ఫొటో పనికిరాదు, వీడియోనే తీయాలి. సబ్బు అణువులు కొత్తగా పుట్టిన చుక్క ఉపరితలానికి చేరడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపు చుక్క మంచినీటి చుక్కలాగే ప్రవర్తిస్తుంది. పంపులోంచి వచ్చిన తుంపర ఆకును తాకి, ఎగిరి పడేదంతా సెకనులో చాలా చిన్న భాగం. అంటే గంట తర్వాత కొలిచిన తలతన్యత ఎంత తక్కువగా ఉన్నా, ఆ క్షణానికి దిగి ఉండకపోతే తుంపర ఎగిరి మడిలో పడుతుంది. సర్ఫు నీళ్ల చుక్క ఆకు మీద మొదట గుండ్రంగానే కూర్చుంది, తర్వాత మెల్లగా దిగుతూ 90 కిందికి వచ్చింది, అక్కడ ఆగింది, ఇక దొర్లలేదు. షాపులో అమ్మే సిలికాన్ రకం జిగురు వేస్తే కొన్ని సెకన్లలోనే పరుచుకుపోయింది. ఆ రకం జిగుర్లు నీటి తలతన్యతను 22 మిల్లీన్యూటన్ల దరిదాపులకు దించేస్తాయి, మామూలు సర్ఫు 30 దగ్గర ఆగిపోతుంది.

అలాగని ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదని కాదు. ఆకును నిలువుగా పెట్టి చూస్తే, జిగురు మరీ ఎక్కువైన నీళ్లు పల్చటి పొరగా పరుచుకుని, ఆకు కొసకు చేరి కారిపోయాయి. తక్కువైతే చుక్క దొర్లిపోతుంది, ఎక్కువైతే పొర కారిపోతుంది, ఆకు మీద ఎక్కువ నీరు నిలిచేది మధ్యలో. నా ఆకుల మీద ఆ మధ్య చోటు ప్యాకెట్ మీద రాసిన మోతాదుకు దగ్గరగానే ఉంది, అందుకని నాన్నకు చెప్పింది ఇంతే: డబ్బా మీద రాసినంతే పోయండి, చూపు అంచనాతో వంచకండి. సబ్బు వాడే అలవాటున్న మా పక్క పొలం చిన్నాయనకు ఇంకో మాట చెప్పాను, మన బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ, మామూలు సబ్బు వాటితో కలిసి తెట్టులా విరిగిపోతుంది, తడిపే గుణం మిగలదు, నాజిల్ కూడా పూడుకుపోతుంది. కాలువ నీళ్లతో అయితే కొంత నయం.

వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "వరి ఆకు కాంటాక్ట్ యాంగిల్ ఎంతమ్మా?" అని. ఏ ఆకు అని తిరిగి అడగాల్సి వచ్చింది, నిజంగా టెన్షన్ పడుతూనే అడిగాను. పై లేత ఆకుకూ, కింద రాపిడికి మైనం అరిగిన ముదురు ఆకుకూ పట్టికలో వేరే వరసలున్నాయి. ముదురు ఆకు మీద ముందుకు పాకే కోణం ఇంకా 140 దాకా ఉంది, వెనక్కి తగ్గే కోణం మాత్రం 100 లోపుకు పడిపోయింది, అందుకే దాని మీద జిగురు లేకుండానే చుక్క అంటుకుని నిలుస్తుంది. ఆవిడ ఆ రెండు గడుల దగ్గర ఆగి, వెనక్కి తగ్గే కోణం ఆకు మీద ఎలా తీశావని అడిగారు. సూదితో వెనక్కి లాగడం ఆకు మీద కుదరదు, చుక్క మొత్తం సూదితో వచ్చేస్తుంది, కాబట్టి పీఠాన్ని వంచుతూ చుక్క కదలబోయే ముందు ఫ్రేములో పై అంచు కోణం తీసుకున్నానని చెప్పాను. వంచే పద్ధతిలో వచ్చే అంకె, సూది పద్ధతిలో వచ్చే అంకె ఒకటి కాకపోవచ్చని, ఏ పద్ధతో పట్టిక కిందే రాయమని ఆవిడ సూచించారు, రాశాను.

ఈ యాసంగిలో పిలకల దశ నుంచి చిరుపొట్ట దశ దాకా అదే మడిలో, అవే మొక్కల మీద కొలవాలని ఉంది. వంచే పీఠాన్ని పొలం గట్టు మీద పెట్టేలా చిన్నగా తయారుచేస్తున్నాను, గాలికి అడ్డంగా మూడువైపులా యాక్రిలిక్ తడకలతో. ఎవరి దగ్గరైనా బ్యాటరీతో నడిచే మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ అనుభవం ఉంటే చెప్పండి, ఎండలో చుక్క అంచు తేలిపోకుండా కనిపించాలంటే వెనక లైటు చాలా గట్టిగా కావాలి.